ఇంటి ముందు ఖాళీ

ఆగు నాయనా, ఆగాగు! ఆ జరిమానా టికెట్లు కొట్టే మిషను జేబులో పెట్టు. నీకు పుణ్యముంటుంది, ఆ ఎర్ర కారు జోలికి మాత్రం పోకు.

తెలుసయ్యా, ఫోన్ చేసింది నేనే. ఇంకర్‌మన్ వీధి, మా ఇంటి ముందు ఎర్ర కారు, పర్మిట్ లేదు, తొందరగా రండి అని ఇందాక అరిచిందీ నేనే. ఇప్పుడు వద్దంటోందీ నేనే. ఏం, మనిషన్నాక మాట మార్చుకోకూడదా?

అలా చూడకు డెస్మండ్. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతో వానలోకి పరిగెత్తుకొచ్చాను, ఈ వయసులో. నీ టోపీ మీంచి కూడా నీళ్లు కారుతున్నాయి, కాస్త ఇటు గుమ్మం కిందికి రా. చెప్పేది విను. వింటే నీ సొమ్మేం పోదుగా? ఈలోగా ఆ బండి నంబరు కొట్టడం ఆపు.

కొట్టేశావా? ఎంతవరకు కొట్టావు? ఫొటో ఇంకా తియ్యలేదుగా? అమ్మయ్య. అయితే ఇంకా ఆశ ఉందన్నమాట.

ఆ కారు ఎవరిదో తెలుసా నీకు? గేనర్ వేసుకొచ్చిన కారది. గేనర్ తెలీదూ? కొండమీద ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట బల్ల దగ్గర కూర్చుని అందరి పేర్లూ పిలుస్తుంటుంది, పొడుగాటి మనిషి, గట్టిగా నవ్వుతుంది. ఆవిడే. తన కారు బాగుచెయ్యడానికిచ్చి, ఇవాళ వాళ్ల చెల్లెలి కారేసుకొచ్చిందట. నాకెలా తెలుస్తుంది చెప్పు?

పైన పడగ్గది కిటికీలోంచి చూశాను. ఎన్నడూ చూడని కారు. అద్దం వెనక కార్డు లేదు. అంతే, నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. మీ ఆఫీసు నంబరు నాకు నోటికొచ్చు. మా చెల్లెలి నంబరు రాదు గానీ అదొచ్చు.

ఫోన్ పెట్టేసి, మెట్లు దిగి వంటింట్లోకి వస్తే ఏముంది? వెనక సందులోంచి పెరటి తలుపు తీసుకుని ఎప్పుడొచ్చిందో ఏమో, పొయ్యి మీద నీళ్లు పెట్టేసి, నా ఏప్రన్ కట్టేసుకుని నిలబడింది గేనర్! ‘హేజెల్, నెలల తర్వాత వచ్చాను, నా అదృష్టం చూడండి, సరిగ్గా మీ ఇంటి ముందే ఖాళీ దొరికింది’ అని నవ్వుతోంది.

అంటే ఆ ఎర్ర కారు దానిదే!

చెత్తడబ్బా లోపలికి లాక్కొస్తానని అబద్ధం చెప్పి ఇలా వచ్చాను. లోపల అది కేకు కోస్తోంది. భోజనం వేళ దొరికిన ఆ కాస్త టైములో, తను తినకుండా, నాకోసం అల్లం కేకు తెచ్చింది. దాని కారుకి నేను టికెట్ తగిలిస్తున్నాను. బాగుందా?

డబ్బు సంగతి కాదు నాయనా. డబ్బు నేను కట్టేస్తాను, అది వద్దన్నా కట్టేస్తాను. టికెట్ పడితే ఇంక రాదది. నాకు తెలుసు. ఇప్పటికే రాక తగ్గిపోయింది. ఈ ఇంటి గడప తొక్కే మనిషి అదొక్కతే మిగిలింది, అదీ పోతే నేను ఆ నాలుగు గోడలతో మాట్లాడుకోవాలి.

ఏంటీ? ఇంటికొచ్చినవాళ్ల కారులో పెట్టే చుట్టాల కార్డు పెట్టమంటావా? తేవడానికి నువ్వు చెప్పేదాకా ఆగానా? ఇదిగో చూడు. తారీఖు గడీ, నెల గడీ గీకాను కూడా. పుస్తకంలో ఇదే ఆఖరిది. మళ్లీ కావాలంటే కొత్త సంవత్సరం రావాలి.

ఏది తప్పు? తారీఖు కరెక్టే గదా. నెల... నెలా? ఉండు, కళ్లజోడు లోపలుండిపోయింది. ఏ నెల గీకాను? జూనా? ఓరి దేవుడా! చలికి వణుకుతూ జూను గీకానా నేను?

పక్కన నవంబరు కూడా గీకేస్తే? రెండు నెలలుంటే చెల్లదా? ఎవడు పెట్టాడయ్యా ఈ రూలు! ఒక ముసలిది చేతులు వణికి ఒక గడి బదులు ఇంకో గడి గీకిందే అనుకో, దానికి చుట్టాలు రాకూడదా?

నవ్వకు. ఎవడు పెట్టాడో నాకు తెలుసు. నేనే పెట్టించాను.

నువ్వు ఈమధ్య వచ్చావు, నీకు తెలీదు. ఈ స్తంభాలు, ఈ బోర్డులు, ఈ తెల్లగీతలు ఎవరి పుణ్యమనుకున్నావు? అడుగు ఎవర్నైనా. ఆ పక్కింటి క్రాబ్‌ట్రీనే అడుగు. అదుగో, తెర కదిలింది చూశావా? అక్కడే ఉన్నాడు, చెవులు రిక్కించుకుని.

అప్పట్లో ఇది వీధిలా ఉండేది కాదు. తెల్లారేసరికి ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల కార్లు, రోగుల కార్లు, వాళ్లని చూడ్డానికొచ్చేవాళ్ల కార్లు. పైన ఆసుపత్రిలో పెడదామంటే డబ్బు కట్టాలి, కట్టినా చోటుండదు. కింద మా వీధి ఊరికే పడుందిగా! చీమ దూరే సందుండేది కాదు. మా గుమ్మం ముందు మా కారు పెట్టుకోవడం అంటే ఏ పండగో వచ్చినట్టు.

మేమూ తక్కువ తిన్నామా? ఒకళ్లు చెత్తడబ్బాలు అడ్డం పెట్టేవాళ్లు, ఒకళ్లు ఇస్త్రీబల్ల తెచ్చి రోడ్డు మీద నిలబెట్టేవాళ్లు. ఈ క్రాబ్‌ట్రీ ఎక్కడో రోడ్డుపని జరుగుతుంటే రెండు రబ్బరు కోన్లు ఎత్తుకొచ్చి, రోజూ సాయంత్రం లోపల దాచుకునేవాడు. నేను వంటింటి కుర్చీ వేసేదాన్ని. దాని మీద పాత దిండు కూడా పెట్టేదాన్ని, ఎవరో ఇప్పుడే లేచెళ్లారనుకుంటారని.

నాకోసం కాదయ్యా. మా ఆయన, ఆర్నాల్డ్ కోసం.

ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయి. మిల్లులో పీల్చిన దుమ్మంతా ముసలితనంలో బయటపడింది. నడవలేని వాళ్లకిచ్చే నీలం బిళ్ల ఇమ్మని కాగితాలు పెట్టుకుంటే తిప్పి పంపారు. ఇంకా నడవగలడట. నడవగలడు! ఎలా నడుస్తాడో ఎవడైనా వచ్చి చూశాడా?

నేను చూశాను. కింద చర్చి దగ్గరెక్కడో చోటు దొరికేది. అక్కడినుంచి ఈ ఎత్తు ఎక్కాలి. ఒక్కో దీపస్తంభం దగ్గరా ఆగేవాడు. ఊపిరందక ఆగాడని నలుగురికీ తెలియడం ఆయనకి చచ్చేంత నామోషీ. అందుకని ఎవరింటి ముందు ఆగితే వాళ్ల పూలకుండీలకేసి చూసేవాడు. ‘ఈసారి జెరేనియాలు బాగా పూశాయి హేజెల్’ అనేవాడు, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ. పుట్టి బుద్ధెరిగాక పువ్వు మొహం చూసిన మనిషి కాదు! చలికాలంలో ఖాళీ కుండీలకేసి కూడా చూసేవాడు.

ఆ ఖాళీ కుండీల దగ్గర నిలబడ్డ రోజునే అనుకున్నాను, ఈ వీధి నా మొగుడి కోసం ఖాళీ చేయించకపోతే నా పేరు హేజెల్ కాదు అని.

ఇంక చూడు నా తిరుగుడు. ఇల్లిల్లూ తిరిగాను. ఊరి కౌన్సిల్ వాళ్లు ప్రతి ఇంటికీ కాగితాలు పంపుతారు, సగంమందికి పైగా అవునంటే గానీ వీధివాళ్లకి మాత్రమే ఇచ్చే ఈ పర్మిట్లు రావు, తెలుసుగా. జనం ఆ కాగితం చూస్తారా, పిజ్జా కాగితాలతో కలిపి చెత్తలో వేస్తారు. నేను పెన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడి రాయించాను. క్రాబ్‌ట్రీ చేత కూడా రాయించాను, సగం గీసిన గడ్డంతో వచ్చాడు పాపం.

సరిగ్గా ఆ రోజుల్లోనే గేనర్‌తో నాకు గొడవైంది.

రోజూ మా ఇంటి ముందే పెట్టేది దాని కారు. నా కుర్చీని దించి, జాగ్రత్తగా, దిండు కూడా పడకుండా పక్కకి పెట్టి మరీ పెట్టేది! ఒళ్లు మండింది నాకు. ‘ఈ వీధి నీ అబ్బ సొత్తా?’ అని పెద్ద అక్షరాలతో రాసి, మైదా జిగురు ఉడికించి, దాని కారు అద్దానికి అంటించాను. టేపు కాదు, జిగురు. గీకినా పోకూడదని.

సాయంత్రం తలుపు కొట్టింది. గోళ్లనిండా మైదా. ‘ఇది రాసింది మీరేనా అండీ?’ అంది. వాన దంచుతోంది. నేను నడుం మీద చెయ్యేసుకుని రెడీగా ఉన్నాను. లోపల్నుంచి ఆర్నాల్డ్, ‘పిల్ల తడిసిపోతోందే, లోపలికి రానియ్యి ముందు, తిట్టేది తర్వాత తిడుదువు గాని’ అన్నాడు.

ఆ గొంతు విని గుర్తుపట్టింది. ఎక్స్‌రేకి వెళ్లినప్పుడల్లా దానితో జోకులేసేవాడట ఈయన. నాతో యాభై ఏళ్లు కాపురం చేసి ఎన్ని జోకులేశాడో వేళ్ల మీద లెక్కెట్టొచ్చు, అది వేరే సంగతి. ఆ రోజు ముగ్గురం కూర్చుని టీ తాగాం.

ఆ తర్వాత ఏం చేసేదో తెలుసా అది? మేం ఆసుపత్రికెళ్లి తిరిగొచ్చే రోజున నేను దాని బల్ల దగ్గరికి ఫోన్ చేసేదాన్ని, వస్తున్నాం అని. పైనుంచి కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి, తన కారు తీసేసి, మాకు చోటిచ్చేది. మేం పెట్టుకునేదాకా చుట్టూ తిరుగుతూ ఉండేది. ఆర్నాల్డ్ కారులోంచే టోపీ ఎత్తి దణ్ణం పెట్టేవాడు. ఆ మూడడుగులూ నడిచి ఇంట్లోకొచ్చేవాడు, ఏ పూలకుండీకేసీ చూడక్కర్లేకుండా.

అంటే, పర్మిట్టు లేకుండానే నాకు చోటు దొరికింది. అర్థమైందా? నేనెవరి మీద యుద్ధానికి దిగానో ఆ మనిషే తెచ్చిచ్చింది.

అప్పుడైనా ఆపొచ్చుగా అంటావు. ఎలా ఆపుతాను? కాగితాలన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. ఒకసారి నేనే నోరు జారి, ఇలా పర్మిట్ల కోసం తిరిగానే అమ్మాయ్ అని గేనర్‌తో చెప్పేశాను, తలొంచుకుని. ఏమందో తెలుసా? ‘నాకు ఓటుంటే నేనూ అవుననేదాన్ని హేజెల్. ఆయనకి కావాలి అది’ అంది.

పర్మిట్లు వచ్చేలోపల ఆయనే పోయాడు.

శవపేటిక తెచ్చే కారు ఎక్కడ ఆగుతుందా అని నాకదే బెంగ. మొగుడు పోయిన దాన్ని, పార్కింగు గురించి ఏడుస్తున్నాను! నవ్వొస్తోందా? నాకూ వస్తోంది. పొద్దున్నే తెర తీసి చూస్తే, వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి ఖాళీ. ఆసుపత్రి కారు ఒక్కటి లేదు. గేనర్ ముందురోజే పైన అందరికీ చెప్పిందట, రేపు ఇంకర్‌మన్ వీధిలో ఎవరూ కార్లు పెట్టొద్దు, మా ఆర్నాల్డ్ వెళ్తున్నాడు అని. ఆ మహారాజులెవరో, నేను ఎన్నేళ్లు తిట్టానో వాళ్లని, అందరూ మాట విన్నారు. ఒక్క క్రాబ్‌ట్రీ కారే అడ్డంగా ఉంది. వీధివాడు కదా, హక్కుంది.

వినిపిస్తోందా క్రాబ్‌ట్రీ? నీ గురించే!

వదిలెయ్. ఎక్కడున్నాను? ఆ. స్తంభాలు పాతారు. గీతలు గీశారు. నా తుంటి ఎముక అరిగిపోయి నేను కారు నడపడం మానేశాను. కారు చెల్లెలి మనవడికిచ్చేశాను. ఇంటి ముందు ఇంత చోటు, పెట్టడానికి కారు లేదు. గేనర్ ఎక్కడో అద్దకం ఫ్యాక్టరీ దగ్గర కారు పెట్టి బస్సెక్కి పైకి పోతుంది. ఇంతకుముందు పనైపోయాక ఎలాగూ కారు ఇక్కడే ఉండేది కాబట్టి, టీ తాగి వెళ్లేది. రోజూ. ఇప్పుడు అది ఇటు రావాలంటే దారి కాదు, తెన్ను కాదు. మొదట్లో వారానికోసారి. తర్వాత చుట్టాల కార్డు గీకి పెట్టుకునే రోజున. ఆ తర్వాత, పండక్కి ఒక గ్రీటింగు కార్డు.

నేను దాన్ని తప్పుపట్టను. దానికీ ఇల్లుంది, ఒళ్లు నొప్పులున్నాయి.

అందుకే చెప్తున్నాను నాయనా. చూసీ చూడనట్టు వెళ్లిపో. వచ్చేసరికి కారు లేదని రాసుకో. పోయిన వారం నీలం వ్యాను వాడు తప్పించుకుపోలా? అలాగే ఈ ఎర్ర కారూ పోయిందనుకో. ఎవడు చూడొచ్చాడు?

మిషను ఒప్పుకోదా? నంబరు కొట్టాక వెనక్కి పోనివ్వదా? అదేం మిషనయ్యా! నీ చేతిలో ఉన్నది నీ మాట వినదా?

మెడలో కెమెరా ఉందా? అది కూడా చూస్తోందా? నేను చెప్పిందంతా విందా? మంచిది. వినమను. దానికైనా చెవులున్నాయి.

ఉద్యోగం పోతుందంటే ఏం చెప్పను. నీకూ పిల్లలున్నారు. నీ కడుపు కొట్టమని నేనెలా అంటాను. నువ్వు కాకపోతే ఇంకొకడొస్తాడు. వచ్చేలా చేసింది నేనే కదా.

తీసుకో. తీసుకో ఫొటో. ఆ పక్కనుంచి తీస్తే ఏం, ఈ పక్కనుంచి తీస్తే ఏం.

ష్! తలుపు చప్పుడైంది. వస్తోంది. ఫోన్ సంగతి ఎత్తకు, నీకు దణ్ణం పెడతాను. నా పేరెత్తకు.

ఏం లేదు గేనర్, ఈ అబ్బాయితో మాట్లాడుతున్నాను... అవునమ్మా. వేసేశాడు. నేను చెప్పాను, బతిమాలాను, కావాలంటే అడుగు. కార్డు కూడా తెచ్చాను, నెల తప్పు గీకాను, కళ్లజోడు లేదు... నేను కడతానే, నువ్వూరుకో... నీ అల్లం కేకు, నువ్వు ఒక్క ముక్కయినా...

ఎవరు ఫోన్ చేశారా?

ఏమోనమ్మా. ఈ వీధిలో ఎవరి బుద్ధులు ఎలాంటివో నాకేం తెలుసు.

అటు చూడకు గేనర్. ఆయన చేశాడని నేనన్లేదు. ...అలాంటివాడే లే. పోనియ్యి.

టైమైపోయిందా? అయ్యో, పొయ్యి మీద నీళ్లు కూడా మరిగాయే. కప్పుల్లో పోసేశావా? సరే, వెళ్లు, పైన జనం ఎదురుచూస్తుంటారు. మళ్లీ ఎప్పుడొస్తావు? ఆదివారమా? బస్సు మీద వస్తావా? అలాగేనమ్మా. తప్పకుండా. ఎదురుచూస్తుంటాను.

చెయ్యూపుతోంది చూడు. టికెట్ పక్కసీట్లో పడేసి, నవ్వుతూ చెయ్యూపుతోంది.

ఆదివారం ఈ కొండకి బస్సు లేదు డెస్మండ్. దానికీ తెలుసు, నాకూ తెలుసు.

ఏం, అలా చూస్తావు? క్రాబ్‌ట్రీ మీదికి నెట్టేశాననా? నెట్టాను. ఏం చెయ్యమంటావు? నేనే అని చెప్పనా? చెప్తే బస్సున్న రోజున కూడా రాదు. ఆ ముసలాడికి ఎలాగూ పోయేదేముంది, ఆయనింటికీ ఎవరూ రారు.

చూడు, ఎంత ఖాళీగా ఉందో ఇంటి ముందు. రెండు కార్లు పెట్టొచ్చు. మా ఆర్నాల్డ్ తలుపు బార్లా తీసి, తొందర లేకుండా, ఒక కాలు తర్వాత ఒక కాలు పెట్టి దిగొచ్చు.

వెళ్తావా? వెళ్లు. ఉండుండు, ఒక్కమాట. ఆ కెమెరా ఆపేశావా? ఆపు. ఇది నీకే.

పోయిన వారం నీలం వ్యాను అని ఫోనొస్తే వచ్చావు. అంతకుముందు తెల్ల కారు. అంతకుముందు ఇంకేదో. నువ్వొచ్చేసరికి ఏమీ ఉండదు. ఇప్పుడే వెళ్లిపోయారు నాయనా అంటాను, చలిలో వచ్చావు, టీ తాగి పొమ్మంటాను. డ్యూటీలో కూర్చోకూడదు అంటావు, ఇక్కడే గుమ్మంలో నిలబడి తాగుతావు. మీ చిన్నదాని పళ్ల సంగతి చెప్పావు ఒకసారి.

ఏ వ్యానూ లేదు డెస్మండ్. ఏ తెల్ల కారూ లేదు.

కోప్పడకు. ఫోన్ చేస్తే వచ్చే మనిషివి ఈ ఊళ్లో నువ్వొక్కడివే.

లోపల రెండు కప్పులు పోసి పెట్టింది, చల్లారిపోతున్నాయి. కేకు కూడా ఉంది. ఇవాళ కుదరదా? సరేలే, వాన జోరందుకుంది, జాగ్రత్తగా దిగు, మెట్ల దగ్గర జారుతుంది.

ఇంతకీ రేపు ఏ రంగు కారని చెప్పమంటావు?